రెండేళ్ళ పిల్లలతో ఇల్లు పాడవకుండా చేయించగల చేతిపనులు

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ: బాబుకు రెండేళ్ళ మూడు నెలలు. మీది అద్దె ఫ్లాటు, ఇంట్లోనే కూర్చుని ఉద్యోగం. వేలి రంగుల డబ్బా తెచ్చిన మొదటి రోజే సోఫా, కర్టెను, వాడి జుట్టు ఒకే రంగుకు వచ్చాయి. అందుకే మరకలు పడని పనులు ఏమున్నాయి, వాటికి ఏమేమి కొనాలి, నోట్లో పెట్టుకుంటే ఎలా అని అడిగారు. చివర్లో గోడ మీది క్రేయాన్ గీతల గురించి కూడా. నేను చాలా ఏళ్ళు చిన్నపిల్లల బడిలో పనిచేశాను, ఇప్పుడు ఇంట్లో మనవరాలితో అదే పని. తెలిసినంతవరకు వివరంగా రాస్తాను, కాస్త పొడవవుతుంది.

కొనే సంగతి ముందు తేల్చేద్దాం. ఒక మాస్కింగ్ టేపు చుట్ట, లావుపాటి క్రేయాన్ల పెట్టె, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లు కొన్ని, పుస్తకాలకు అట్టగా వేసే అతుక్కునే పారదర్శక షీటు, ఒక పలక. అంతే. మిగిలినవన్నీ మీ వంటింట్లో, పాత పేపర్ల కట్టలో, బీరువా మీద పడి ఉన్న శుభలేఖల్లో ఉన్నాయి. పెట్టెల్లో అమ్మే క్రాఫ్ట్ కిట్ల జోలికి ఇంకో రెండు మూడేళ్ళు వెళ్ళకండి. వాటిని రెండేళ్ళవాడి ముందు పెడితే సీతాకోకచిలుక రెక్కలు మీరు అతికిస్తూ కూర్చుంటారు, వాడు జిగురు సీసా మూత తీసుకుని మంచం కింద దూరుతాడు.

ఈ వయసులో పిల్లలకు ఒక వస్తువు తయారుకావడంతో పనే లేదు. చించడం, నొక్కడం, అంటించడం, పీకడం, దూర్చడం, ఒలకబోయడం, చేతులు అడిగేవి ఇవి. వీడియోల్లో చూపించే ముద్దొచ్చే నెమళ్ళు, ఏనుగులు పెద్దవాళ్ళ కళ్ళ కోసం చేసినవి. కాబట్టి ఈ రోజు ఏ బొమ్మ చేయిద్దాం అని వెతకకండి, చేతికి ఏ పని ఇద్దాం అని ఆలోచించండి. అప్పుడు సగం చిందరవందర దానంతట అదే తగ్గుతుంది. ఎందుకంటే ఇల్లు పాడయ్యేది రంగు వల్ల మాత్రమే కాదు. రంగు, నీళ్ళు, బ్రష్షు, కాగితం, జిగురు అన్నీ ఒకేసారి ముందు పరిచి, పక్కన కూర్చుని "జాగ్రత్త, జాగ్రత్త" అంటాం చూడండి, దాని వల్ల. ఒకసారికి ఒకే పని, ఒకే పదార్థం, అదీ గుప్పెడు. ఈ మూడు పాటిస్తే బియ్యప్పిండితో కూడా ఇల్లు శుభ్రంగానే ఉంటుంది.

చేతి ఎదుగుదల గురించి కూడా కొంచెం తెలిసి ఉండాలి. ఏడాదిన్నర అటూ ఇటూగా పిల్లలు పిచ్చిగీతలు మొదలుపెడతారు. రెండేళ్ళప్పుడు మనం నిలువు గీత గీస్తే చూసి గీయడానికి ప్రయత్నిస్తారు. గుండ్రంగా సున్నా చుట్టడం మూడేళ్ళ దగ్గర్లో వస్తుంది. క్రేయాన్‌ను పిడికిలితో పట్టుకుంటాడు, అది తప్పు కాదు, సరిచేయాల్సిన పని లేదు. సన్నటి పెన్సిళ్ళు, సన్నటి స్కెచ్ పెన్నులు ఇప్పుడే ఎందుకు వద్దంటానంటే, ఆ పిడికిలికి అవి ఇమడవు. విరుగుతాయి, గుచ్చుకుంటాయి.

ఇక చోటు. పెళ్ళిళ్ళలో వాడే పెద్ద స్టీలు తాంబాళం లాంటి అంచున్న పళ్ళెం ఒకటి ఇవ్వండి. పిల్లలకు ఆ అంచు బాగా అర్థమవుతుంది, "ఇది పళ్ళెంలోనే" అనే ఒక్క మాట రెండు వారాల్లో పట్టుబడుతుంది. కింద పాత దుప్పటి పరిస్తే అయిపోయాక నాలుగు మూలలూ పట్టుకుని బాల్కనీలో దులిపేయవచ్చు. తడి పనులన్నీ స్నానానికి ముందు పెట్టుకోండి, ఒంటి మీద బనియను కూడా అక్కర్లేదు. సమయం ఐదు నిమిషాలైనా చాలు, పది నిమిషాలు కూర్చున్నాడంటే ఆ పని వాడికి బాగా నచ్చిందని. లేచి వెళ్ళిపోతే వెనక్కి పిలవకండి.

టేపుతో మొదలుపెట్టమంటాను, ఇంతకంటే శుభ్రమైన పని నాకు తెలియదు. మాస్కింగ్ టేపును అర చేయి పొడవు ముక్కలుగా చించి పళ్ళెం వెనక్కో, ఫ్రిజ్ తలుపుకో, నేల టైల్సుకో అంటించండి. ఒక చివర కొద్దిగా మడిచి వదలండి, వేలికి దొరకాలి కదా. ఇక పీకడమే వాడి పని. చూపుడువేలు, బొటనవేలు కలిపి పట్టుకుంటేనే అది ఊడుతుంది. రేపు అన్నం మెతుకు తీసి తినడానికి, గుండీ పెట్టుకోవడానికి, పెన్సిలు పట్టడానికి కావలసిన పట్టు ఇదే. పీకిన ముక్కలను ఇంకో కాగితం మీద అంటించమంటే అదే బొమ్మ. వారం పోయాక టేపు ముక్కలను అడ్డంగా, నిలువుగా, ఒకదాని మీద ఒకటి అంటించి ఇవ్వండి. ఏది ముందు వస్తుందో, ఏది కిందుందో వాడే కనిపెడతాడు. అద్దె ఇల్లు అన్నారు కాబట్టి ఒక్క హెచ్చరిక: గోడకు అంటించవద్దు. డిస్టెంపర్ వేసిన గోడ నుంచి టేపు పొరలు పొరలుగా రంగు లాక్కుని వస్తుంది.

పారదర్శక షీటు ఇంకో అద్భుతం. వెనక కాగితం ఒలిచి, జిగురు వైపు వాడికి ఎదురుగా ఉండేలా కిటికీ అద్దానికో, అల్మారా తలుపుకో చుట్టూ టేపుతో బిగించండి. వాడి ఛాతీ ఎత్తులో ఉండాలి. ఇప్పుడు ఏది తాకించినా అంటుకుంటుంది: చించిన రంగు కాగితాలు, ఊలు దారం ముక్కలు, దూది, పూజలో మిగిలిన బంతి రేకులు, రాలిన ఆకులు. జిగురు సీసా లేదు, కారేది లేదు, ఒలికేది లేదు. నిలబడి చేస్తాడు కాబట్టి భుజాలకూ పని. వారం తర్వాత షీటు ఊడదీసి పారేయండి. దాని మీద ఇంకో షీటు అతికిస్తే అమ్మమ్మకు పంపడానికి పనికొస్తుంది, కాకపోతే పూల రేకులు లోపల నల్లబడతాయి.

బొట్టు బిళ్ళల గురించి చాలామంది అడుగుతారు. అట్ట మీది నుంచి ఒలిచి కాగితం మీద అంటించడం పిల్లలకు విపరీతంగా నచ్చుతుంది, నిజమే. కానీ ఆవగింజంత బిళ్ళలు, రాళ్ళు పొదిగినవి ఇవ్వకండి. పెద్ద గుండ్రని సాదా బిళ్ళలు ఇవ్వండి, అదీ మీరు పక్కనుండగా, ఒక అట్ట మాత్రమే. ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే దశలోనే ఉంటే స్టేషనరీ దుకాణంలో దొరికే పెద్ద కాగితపు లేబుళ్ళు మేలు.

కాగితం చించడాన్ని మనవాళ్ళు అల్లరి కింద లెక్కేస్తారు. నేను దాన్ని పాఠం కింద లెక్కేస్తాను. ఒక చేయి లాగుతుంటే ఇంకో చేయి గట్టిగా పట్టుకుని ఉండాలి, రెండు చేతులు రెండు వేర్వేరు పనులు చేయడం ఈ వయసులో తేలిక కాదు. వార్తాపత్రికను నిలువుగా చించితే తిన్నగా వస్తుంది, అడ్డంగా చించితే వంకరపోతుంది. వాడికి నిలువు వైపు ఇవ్వండి. మీరు అంచున చిన్న చీలిక పెట్టి ఇస్తే మిగతాది వాడు చూసుకుంటాడు. చించిన ముక్కలన్నీ ఒక అట్టపెట్టెలో వేయించండి. అది కూడా ఆటే, పెట్టె నిండితే కాళ్ళు పెట్టి తొక్కుతాడు. అచ్చు సిరా చేతికి అంటుతుంది, కాబట్టి తర్వాత చేతులు కడిగించండి.

శుభలేఖలను ఎప్పుడూ పారేయకండి. దళసరి అట్ట, జరీ అంచు, పొంగు అచ్చులు, వేలితో తడిమి చూడటానికి ఇంత మంచి కాగితం దుకాణంలో కొన్నా దొరకదు. రెండంగుళాల వెడల్పు పట్టీలుగా కత్తిరించి, ఒక ప్లాస్టిక్ డబ్బా మూతకు పొడవుగా చీలిక పెట్టి, ఆ చీలికలోంచి వేయమనండి. మూత తీసి మళ్ళీ మొదటికి. ఇదే పనిని ఐస్‌క్రీము పుల్లలతో, చిన్న రంధ్రాలతో కూడా చేయవచ్చు. పాట వినిపించే గ్రీటింగు కార్డులు మాత్రం ఆ కట్టలోంచి ఏరి తీసేయండి. వాటిలో బటన్ బ్యాటరీ ఉంటుంది. మింగితే అన్నవాహికను రెండు గంటల్లోనే కాల్చేయగలదు. మింగాడన్న అనుమానం వచ్చినా సరే, ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

జిగురు తప్పదనుకుంటే సీసా కొనకండి. మన చిన్నప్పుడు గాలిపటాలు అన్నం మెతుకులతోనే అతికించేవాళ్ళం. మెత్తటి మెతుకులు ఒక చెంచాడు పళ్ళెంలో వేసి వేలితో నలిపించండి, కాగితం అంటుకుంటుంది, నోట్లో పెట్టుకున్నా అన్నమే. కాస్త ఎక్కువ కావాలంటే చెంచా మైదాను నాలుగైదు చెంచాల నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి సన్నసెగ మీద చిక్కబరచండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) వేయమని చెప్పవచ్చు. పోస్టర్లకు, పుస్తకాల బైండింగుకు అలాగే చేసేవాళ్ళు. అది విషం, పిల్లల జిగురులో వేయకూడదు. ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేసి పారేస్తే చాలు.

రంగు కావాలని వాడు మారాం చేస్తే, రంగును కవరులో బంధించి ఇవ్వండి. జిప్ కవరులో దళసరి తెల్ల కాగితం పెట్టి, దాని మీద రెండు చోట్ల చెంచాడు చొప్పున రంగు వేయండి. ఒకటి పసుపు, ఇంకొకటి నీలం. గాలి తీసి జిప్ మూసి, మూత మీద టేపు వేసి, ఆ కవరును నాలుగు వైపులా నేలకో బల్లకో టేపుతో అతికించండి. పైనుంచి వేళ్ళతో, అరచేత్తో నొక్కుతుంటే రెండు రంగులూ పాకి కలిసే చోట ఆకుపచ్చ పుడుతుంది. దాన్ని చూసి వాడు మీ వైపు తిరిగే తిరుగుడు కోసమైనా ఈ పని చేయాలి. నాలుగు వైపులా అతికించమన్నది అందం కోసం కాదు. వదులుగా ఉన్న ప్లాస్టిక్ కవరు ముఖం మీద కప్పుకుంటే ఊపిరాడదు. పని అయిపోగానే కవరు తీసేయండి.

కవరు లేకుండా కూడా రంగుల సరదా తీర్చుకోవచ్చు, నీళ్ళతో. గోడలకు సున్నం వేసే వెడల్పు బ్రష్షు, చిన్న గ్లాసులో సగం నీళ్ళు ఇచ్చి బాల్కనీ నేల మీద, డాబా పిట్టగోడ మీద వేయమనండి. తడిసిన చోట సిమెంటు నల్లబడుతుంది, కాసేపటికి ఆరి మాయమవుతుంది, మళ్ళీ వేయాలి. మన ఎండల్లో అది ఎంతసేపూ పట్టదు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడు లోపో, సాయంత్రమో మాత్రమే. పలక మీద తడి బలపంతో గీయడం, తడిగుడ్డతో తుడవడం ఇదే కోవలోది. పిల్లలు గీయడం కంటే తుడవడాన్నే ఇష్టపడతారు, గుడ్డను కూడా పనిముట్టు కిందే లెక్కపెట్టండి. కొందరు పిల్లలు బలపాలు తింటారు. మీవాడికి ఆ అలవాటు కనిపిస్తే సుద్ద, బలపం ఆపేసి, రక్తహీనత ఉందేమో పిల్లల డాక్టరును ఒకసారి అడగండి.

స్నానాల గదిలో ఇంకో సరదా: సెనగపిండిని నీళ్ళతో జారుగా కలిపి చిన్న గిన్నెలో ఇస్తే టైల్స్ మీద చేతులతో పూసుకుంటాడు. అటు తర్వాత అదే నలుగు, అదే స్నానం. మగ్గుతో నీళ్ళు పోస్తే గోడా వాడూ ఇద్దరూ శుభ్రం. నేల జారుతుంది కాబట్టి కూర్చోబెట్టి చేయించండి. నీళ్ళున్న బకెట్టు పక్కన ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకండి. ఈ వయసు పిల్లలకు తల బరువు ఎక్కువ, బకెట్టులోకి తలకిందులుగా పడితే తమంతట లేవలేరు. రెండంగుళాల నీళ్ళు చాలు ప్రమాదానికి. ఫోను మోగినా వాడిని ఎత్తుకునే వెళ్ళండి.

పిండి ముద్దల విషయంలో కాస్త పట్టుదలగా మాట్లాడతాను. చాలామంది ఉప్పు పిండి చేయమని చెబుతారు, రెండు వంతుల మైదాకు ఒక వంతు ఉప్పు. గట్టిపడి బొమ్మలు నిలుస్తాయి, అది పెద్ద పిల్లలకు. రెండేళ్ళవాడు ఆ ముద్ద కొరికి మింగితే ఒంట్లో చేరే ఉప్పు చిన్న మోతాదు కాదు, ప్రమాదకరం. చపాతీ పిండి పచ్చిది, నాకితే కొంప మునగదు గానీ తినకూడదు, పచ్చి పిండిలో సూక్ష్మక్రిములు ఉండవచ్చు. నేను చేసేది కుడుముల పద్ధతి. గ్లాసు నీళ్ళు మరిగించి, చెంచా నూనె వేసి, గ్లాసు బియ్యప్పిండి పోసి కలిపి, మూతపెట్టి మగ్గనిచ్చి, చల్లారాక చేతికి నూనె రాసుకుని మెత్తగా మర్దించాలి. ఉడికిన పిండి కాబట్టి రెండు ముద్దలు లోపలికి పోయినా కుడుమే తిన్నట్టు. రంగు కావాలంటే నీళ్ళు మరిగేటప్పుడే బీట్‌రూట్ రసం పోయండి, పాలకూర రసంతో ఆకుపచ్చ. పసుపు మాత్రం వద్దు, చేతులకు, బట్టలకు పట్టేస్తుంది. (పట్టిన బట్టను ఉతికి ఎండలో ఆరేయండి. సబ్బు తగలగానే ఎర్రబడి కంగారు పెడుతుంది గానీ రెండు మూడు ఎండలకు పోతుంది.) ముద్ద నిమ్మకాయంత ఇవ్వండి, మిగతాది తడిగుడ్డ కింద ఉంచండి. బియ్యప్పిండి ముద్ద త్వరగా ఆరి బీటలు వారుతుంది, కొత్తది ఆ రోజుకు ఆ రోజు చేసుకోవడమే మంచిది. చపాతీ కర్ర, గ్లాసు అంచు, ఫోర్కు, జంతికల గొట్టం బిళ్ళ ఇస్తే అచ్చులు వేస్తాడు. అమెరికాలో, ఇంగ్లండులో కార్పెట్ ఇళ్ళలో ఉన్నవాళ్ళు దీన్ని కుర్చీ ట్రే మీదే చేయించండి. కార్పెట్ పోగుల్లో ఎండిన పిండిని తీయడం కంటే కొత్త కార్పెట్ వేయించడం సుఖం.

పళ్ళెంలో పొడి పదార్థం పరిచి వేలితో రాయించడం మనకు కొత్తేమీ కాదు. బాసరలోనో, ఇంటి దగ్గరి గుళ్ళోనో అక్షరాభ్యాసానికి పళ్ళెంలో బియ్యం పోసి పిల్లవాడి వేలు పట్టుకుని ఓం నమః శివాయ రాయించేది అదే పద్ధతి. ఆ పళ్ళెం ఒక్క రోజుతో ఎందుకు ఆగిపోతుందో నాకు అర్థం కాదు. గుప్పెడు బొంబాయి రవ్వ, పలుచగా, పళ్ళెం అడుగు కనిపించీ కనిపించనట్టు. అక్షరాలు వద్దు, గీతలు చాలు. పళ్ళేన్ని ఊపితే చెరిగిపోతుంది, మళ్ళీ కొత్త పలక. బియ్యం ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి చెంచాతో తీసి వేయడం, చిన్న చెంబుతో పోయడం కూడా ఇలాంటివే. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం మూలంగా ఏళ్ళ తరబడి మన దేశంలోనే ఉండి వందల మంది టీచర్లను తయారుచేసిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతి బడుల్లో ఇప్పటికీ ఈ పోయడం, తీయడమే చిన్నవాళ్ళ మొదటి పాఠాలు. మీవాడు నేల మీద కొంత పోస్తాడు. చిన్న చీపురు, చేట ఇచ్చి ఊడవమనండి, ఊడవడం కూడా ఆటలో భాగమే.

కూరగాయల అచ్చులు కొంచెం తడి పని, అయినా అదుపులో ఉంచవచ్చు. రంగును గిన్నెలో పోయకండి. పాత గిన్నెలు తోమే స్పాంజిని తడిపి పిండి, పళ్ళెంలో పెట్టి, దాని మీద బీట్‌రూట్ రసమో, నీళ్ళ రంగో రెండు చెంచాలు పోస్తే అది అచ్చు మెత్త అయింది. బెండకాయను తొడిమ వైపు రెండంగుళాలు వదిలి అడ్డంగా కోసి ఇవ్వండి, అయిదు రేకుల పువ్వు పడుతుంది. తొడిమే పిడి. అరటి దవ్వ ముక్క, సగం నిమ్మకాయ, బీరకాయ, ఉల్లిపాయ, దేని పువ్వు దానిదే. పాత వార్తాపత్రిక చాలు, తెల్ల కాగితం వృథా చేయకండి. కత్తి పని మొత్తం మీరు వంటకు కూర్చున్నప్పుడే అయిపోతుంది.

ఇవి కాక బట్టల క్లిప్పులను అట్టముక్క అంచుకు గుచ్చడం (రెండున్నర దాటాక, వేళ్ళలో బలం చాలదు ముందు), ప్లాస్టిక్ గాజులను నిలబెట్టిన చపాతీ కర్రకు తొడగడం, రావి ఆకును కాగితం కింద పెట్టి క్రేయాన్ పడుకోబెట్టి రుద్ది ఈనెలు తేలేలా చేయడం. ఆకు జారకుండా మీరు పట్టుకోవాలి.

ఆకులు, పూల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ మాత్రం ఆగి చదవండి. మన ఇళ్ళ చుట్టూ పెరిగేవన్నీ పిల్లల చేతికి ఇచ్చేవి కావు. గన్నేరు, ముఖ్యంగా పచ్చ గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు పాలు, గురివింద గింజలు విషపూరితాలు. ఎర్రగా నల్లమచ్చతో ముద్దొచ్చే గురివింద గింజను చాలా ఇళ్ళలో గాజు సీసాలో అలంకారంగా ఉంచుతారు, నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. వినాయక చవితి ఇరవై ఒక్క పత్రుల్లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు మూడూ ఉంటాయి. పూజ అయ్యాక ఆ పత్రి కట్టను పిల్లాడి ఆటకు ఇవ్వవద్దు. బంతి, చామంతి, మందారం, గులాబీ రేకులు, జామ, రావి, మామిడి ఆకులు ఇవ్వండి. మామిడి కొమ్మ తుంచినచోట కారే జీడి చర్మానికి మంట పుట్టిస్తుంది కాబట్టి ఆకు కడిగి ఇవ్వండి.

నోటి భయం సంగతి. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లో చిన్న భాగాలు ఉండకూడదని పరీక్షించడానికి వాడే గొట్టం లోపలి వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. మన పది రూపాయల నాణెం వెడల్పు 27. అంటే ఆ నాణెం కంటే కాస్త పెద్దవైనా సరే గొంతుకు అడ్డం పడవచ్చు. ఇంట్లో ఆ గొట్టం ఉండదు గానీ నాణెం ఉంటుంది, దాని పక్కన పెట్టి చూస్తే చాలు. పూసలు, గుండీలు, గోళీలు, చింతగింజలు, సెనగలు, పల్లీలు ఇప్పుడు వద్దు. సెనగ, బఠాణీ ముక్కులోనో చెవిలోనో దూరితే తడికి ఉబ్బుతాయి, డాక్టరు తీయాల్సి వస్తుంది. మొక్కల కుండీల్లోకని అమ్మే నీటి పూసలు, నానబెడితే గోళీలంత ఉబ్బే రంగురంగుల బంతులు, ఇంట్లోకే తేవద్దు, మింగితే పేగుల్లో ఉబ్బి అడ్డం పడతాయి. తళుకు పొడి, థర్మోకోల్ గుండ్లు, స్లైమ్ కూడా నా జాబితాలో లేవు. రంగులు, క్రేయాన్లు వయసు చూసి, విషరహితమని రాసి ఉన్నవే కొనండి. బొమ్మలకైతే 2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి, బుట్టలో పోసి అమ్మేవాటి మీద అది ఉండదు.

మీరు అడగలేదు గానీ మీ ఉత్తరం వెనక ఇంకో ఆశ కనిపించింది: వాడు ఇవి చేసుకుంటుంటే మీరు మీటింగులో కూర్చోవచ్చునని. అది కుదరదు. పక్కన మనిషి లేకుండా వదలగలిగినవి టేపు పీకడం, శుభలేఖలు డబ్బాలో వేయడం, పలక, ఈ మూడే. అవి కూడా మీ కుర్చీ పక్కన, మీ కంటి ముందే. నీళ్ళు, పిండి, రంగు, పూలు మీ ఖాళీ సమయానివి. అత్తగారో అమ్మగారో వచ్చి ఉన్న రోజుల్లో బీరకాయ చెక్కు తీసే పనిలో వాడిని కలుపుకోమనండి. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, కరివేపాకు దూయడం, వెల్లుల్లి పొరలు ఒలవడం ఏ క్రాఫ్ట్‌కూ తీసిపోవు. పనిచేస్తూ వాళ్ళు చెప్పే మాటలు కూడా వాడి చెవిన పడతాయి. విదేశాల్లో ఉన్నవాళ్ళకైతే తెలుగు క్రియలు నేర్పడానికి ఇంతకంటే మంచి బల్ల దొరకదు: చించు, నలుపు, దూయి, ఒలువు, అదుము.

ఇక గోడ. ముందు అది ఏ రంగో చూడండి. తడి వేలితో మూల గోడను రుద్దితే వేలికి తెల్లగా అంటితే డిస్టెంపర్, అంటకపోతే కడగగల ఎమల్షన్. ఎమల్షన్ అయితే తడిగుడ్డ మీద కాస్త వంటసోడానో, తెల్ల టూత్‌పేస్టో (జెల్ కాదు) వేసి మెల్లగా గుండ్రంగా రుద్దండి, తర్వాత మంచినీళ్ళ గుడ్డతో తుడవండి. కనిపించని మూల ఒకసారి పరీక్షించాకే గది మధ్యకు రండి. డిస్టెంపర్ మీద ఈ పని చేస్తే గీతతో పాటు గోడ రంగూ పోయి మచ్చ ఇంకా పెద్దదవుతుంది. దానికి జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో మైనాన్ని కొద్దిగా వేడిచేసి, మెత్తటి కాగితంతో అద్ది తీయండి, రుద్దకూడదు. మిగిలిన లేత జాడను పెన్సిలు రబ్బరుతో ప్రయత్నించండి. అప్పటికీ పోకపోతే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ మేర రంగు వేయిస్తామని యజమానికి ఇప్పుడే చెప్పేయండి. పెయింటరుకు అక్కడ మైనం ఉందని చెప్పడం మరవకండి. గీకకుండా వేస్తే కొత్త రంగు పట్టదు. ఈలోగా పాత గోడ క్యాలెండరు కాగితాలను తిరగేసి, అల్మారా తలుపు కింది సగం నిండా మాస్కింగ్ టేపుతో అతికించి, క్రేయాన్లను ఆ తలుపు దగ్గరే డబ్బాలో ఉంచండి. డబ్బా అక్కడి నుంచి కదిలితే ఆ పూటకు క్రేయాన్లు పైకి వెళ్ళిపోతాయని వాడికి చెప్పండి, చెప్పినట్టే చేయండి.